భ్రమరాంబ గారి పోయిన సొత్తు

తుమ్మలగరువు జనానికి తాము ధనవంతులమన్న సంగతి ఒక మంగళవారం పొద్దున్న మైకులో తెలిసింది.

అప్పటిదాకా వాళ్ళకి ఆస్తి అంటే కాస్త కొబ్బరి, కాస్త వరి, కోర్టులో నలుగుతున్న గట్టు తగాదాలు, అంతే. మునిసిపాలిటీ ఆటో సందుసందూ తిరిగి, అసలు ఆస్తి దొడ్లో ఉందని చెప్పింది.

"పౌరులారా! మీ మీ గృహముల వెనుక భూగర్భమున నిక్షిప్తమై యున్న జైవిక ఘన సంపద నేటి నుండి పురపాలక సంఘము వారి ఆస్తి. దానిని తీయుట, తీయించుట, తరలించుట శిక్షార్హము. ఇట్లు, కమిషనరు."

భ్రమరాంబ అప్పుడు రెండో వాయి ఇడ్లీలు దింపుతోంది. బస్టాండు ఎదుటి సందులో ఆవిడ మెస్సు. మొగుడు పోయిన దగ్గర్నుంచీ ఆవిడకి ఆ పొయ్యే దిక్కు, ఆ పొయ్యే పెత్తనం. ఊళ్ళో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ పిన్నిగారే. ఆవిడ సాంబారు తినకపోతే కమిషనరు గారికి సంతకం పెట్టడానికి చెయ్యి లేవదని ప్రతీతి. రోజూ పొద్దున్న ఇడ్లీ, సాయంత్రం గారె ఆయన బంగళాకి పార్శిలు వెళ్ళాల్సిందే.

"నిక్షేపం అంటున్నాడేవిట్రా? లంకెబిందెలు గానీ దొరికాయా?" అంది భ్రమరాంబ.

"లంకెబిందెలు కాదు పిన్నిగారూ, సెప్టిక్ ట్యాంకు," అన్నాడు బుల్లబ్బాయి, తింటున్న ఇడ్లీ పళ్ళెంలో వదిలేసి.

అతని మొహం పాలిపోవడంలో న్యాయం ఉంది. ఊరు మొత్తానికి ట్యాంకరు బండి ఉన్నది అతనొక్కడికే. ఎవరింట్లో ట్యాంకు నిండినా బుల్లబ్బాయికి ఫోను కొట్టేవారు. అతను వచ్చి, గొట్టం వేసి లాగి, ఊరవతల తన గోతుల్లో పోసి, బాగా ఎండి మట్టిలా అయ్యాక కొబ్బరితోటల వాళ్ళకి ఇచ్చేవాడు. వాళ్ళు చెట్ల మొదట్లో వేసుకునేవారు. చెట్లు కాసేవి. ఇంత జరుగుతున్నా దాన్ని సంపద అంటారని ఎవరికీ తట్టలేదు. తట్టకపోవడానికి కారణం, దాని మీద ఎవరూ సభ పెట్టకపోవడం.

ఆ లోటు కమిషనరు త్రివిక్రమరావు గారు తీర్చారు. ఆయన ఆ మధ్య ఏదో చలిదేశానికి అధ్యయన యాత్రకి వెళ్ళి వచ్చారు. ఆ దేశంలో దాంతో గ్యాసు చేస్తారట, ఎరువు చేస్తారట, ఇటుకలు చేస్తారట. అక్కడివాళ్ళు తాగమని ఇచ్చిన మంచినీళ్ళు కూడా అందులోంచి తీసినవేనని తాగాక చెప్పారట. తాగిన మనిషి ఊరుకుంటాడా? ఆ బాధ తుమ్మలగరువు మొత్తానికి పంచదలుచుకున్నారు.

టౌను హాల్లో పెద్ద సభ జరిగింది. రాజధాని నుంచి మెడకి టై కట్టుకున్న ఒక సలహాదారు వచ్చాడు. తెర మీద బొమ్మలు చూపించాడు. తలకి రోజుకి ఇంత సరుకు, ఇన్ని తలలు, కాబట్టి ఇంత గ్యాసు, ఇంత ఎరువు, ఇన్ని ఇటుకలు అని లెక్క చెప్పాడు. జనాభా లెక్కలు పాతబడ్డాయి కాబట్టి తలల సంఖ్య ఓటర్ల జాబితాలోంచి తీసుకున్నాడు.

సభకి టిఫిన్లు తెచ్చిన భ్రమరాంబ గుమ్మం దగ్గర నిలబడి విని, ఉండబట్టలేక అంది. "బాబూ, ఆ జాబితాలో మా ఆయన పేరు ఇంకా ఉంది. మొన్న ఎన్నికల్లో ఆయన ఓటు కూడా వేసి వెళ్ళారట. పోయినవాళ్ళు ఓటైతే వేస్తారు గానీ నాయనా, ఇది మాత్రం వాళ్ళవల్ల కాదు."

సభ ఘొల్లుమంది. సలహాదారు మాత్రం నవ్వలేదు. "మేడమ్, ఇది ప్రొజెక్షన్," అన్నాడు. ప్రొజెక్షన్ అన్నాక ఇక మాట్లాడటానికి ఎవరికి ధైర్యం? చప్పట్లు కొట్టి ఉప్మా తిన్నారు.

కాలవ ఒడ్డున కర్మాగారం లేచింది. ఏనుగంత డ్రమ్ములు నాలుగు, వాటికి వెండి రంగు, పైన మునిసిపాలిటీ జెండా. ఊళ్ళో ఉన్నవాళ్ళకీ పోయినవాళ్ళకీ కలిపి సరిపోయేంత పెద్దది. అంత నోరు తెరుచుకుని కూర్చున్న కర్మాగారానికి ఊళ్ళో ఉన్నవాళ్ళు మాత్రమే ఎంతని పెట్టగలరు? లెక్క చూస్తే సగానికి సగం లోటు.

ఇంకొకరైతే డ్రమ్ములు తగ్గించేవారు. త్రివిక్రమరావు గారు ఉత్పత్తి పెంచారు.

మొదటి ఉత్తర్వు కార్తీకమాసానికి వచ్చింది. "ఉపవాసములుండు భక్తులు తద్వారా కలుగు లోటును ముందురోజులలోనే పూడ్చవలెను." రెండోది బస్టాండులో మోగింది. ఇద్దరు ఉద్యోగులు మైకు పట్టుకుని, "ప్రయాణికులకు మనవి! మన ఊరి సంపదను పొరుగూరి పాలు చేయకండి! బస్సు ఎక్కేముందే ఆలోచించండి!" అని వేడుకునేవారు. ఆలోచించిన కొందరికి బస్సు తప్పిపోయింది. పెళ్ళాం పిల్లల్తో అత్తారింట్లో పదిరోజులు ఉండొచ్చిన టైలరు పాండురంగానికి "మూలధన తరలింపు" కింద సంజాయిషీ నోటీసు ఇచ్చారు. పొరుగూళ్ళ నుంచి చుట్టాల్ని పిలిచి రెండు పూటలు ఉంచుకున్నవాళ్ళకి మాత్రం "బాహ్య పెట్టుబడి ఆకర్షించినందుకు" ప్రశంసాపత్రం.

మధ్యలో ఒక వారం ఊరంతా విరేచనాలు పట్టుకున్నాయి. సలహాదారు మొదటి రెండు రోజులూ ఉబ్బితబ్బిబ్బై, మూడో రోజున దిగాలు పడ్డాడు. "పరిమాణం పెరిగింది సార్, కానీ ఘనపదార్థ శాతం పడిపోయింది," అని కళ్ళ నీళ్ళు పెట్టుకున్నంత పని చేశాడట.

భ్రమరాంబ మెస్సుకి "ప్రథమ శ్రేణి ప్రేరక కేంద్రము" అని బిరుదు వచ్చింది. అద్దం కట్టించి తెచ్చి గోడకి తగిలించి వెళ్ళారు. భోజనంతో తప్పనిసరిగా అరటిపండు పెట్టాలన్నారు. పెట్టింది. ఇంతవరకూ ఆవిడకి తమాషాగానే ఉంది. వచ్చినవాళ్ళు వచ్చినట్టు తిన్నారు, తిన్నవాళ్ళు తిన్నట్టు ఊరి సేవ చేసుకున్నారు.

ఆ సేవంతా పోగుపడేది మాత్రం ఆవిడ దొడ్లో. ఊళ్ళో ప్రతి ట్యాంకుకీ నంబరు వేసి, మూతకి తాడు కట్టి లక్క సీలు కొట్టి, లోపల ఒక మీటరు పెట్టారు. సరుకు పెరిగినా తగ్గినా ఆ మీటరు కమిషనరు గారి ఫోనుకి కబురు పంపుతుంది. బుల్లబ్బాయిని "సంపద దోపిడీదారు" అని పేరు పెట్టి, బండి బయటికి తియ్యకుండా అతని షెడ్డులోనే పెట్టించారు. సరుకు తీసేది కర్మాగారం ప్రారంభం అయ్యాకే. ప్రారంభం అయ్యేది మంత్రిగారు వచ్చాకే. మంత్రిగారు ఇదిగో అంటే అదుగో.

ఒకరోజు పొద్దున్న భ్రమరాంబ దొడ్డి తలుపు తీసి, తీసిన చేత్తోనే వేసేసింది. ట్యాంకు నిండిపోయింది. నిండి ఊరుకోలేదు, మూత అంచులోంచి పొంగి, దొడ్డి దాటి, సందులోకి బయల్దేరింది. ఇడ్లీ కోసం వచ్చినవాళ్ళు గుమ్మం దాకా వచ్చి, ముక్కు మూసుకుని, "మళ్ళీ వస్తాం పిన్నిగారూ," అని వెనక్కి తిరిగారు. మళ్ళీ రారని ఆవిడకి తెలుసు.

సాయంత్రానికి మునిసిపాలిటీ ఆరోగ్య విభాగం నుంచి నోటీసు వచ్చింది. వారం లోపల మురుగు ఆపకపోతే మెస్సుకి తాళం వేస్తారట. ఆ వెనకే సంపద విభాగం నుంచి ఇంకోటి. మూత మీద చెయ్యి పడితే కేసు పెడతారట.

రెండు కాగితాలూ పట్టుకుని కమిషనరు గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన లేచి నిలబడి నమస్కారం పెట్టారు.

"రండి రండి భ్రమరాంబ గారూ! మీ మీటరు పూర్ణ స్థాయి చూపుతోంది. ఊరు మొత్తం మీద తొలి మిగులు సాధించిన గౌరవం మీకే దక్కింది. అభినందనలు!"

"మిగులు కాదు బాబూ, మురుగు. పొంగి వీధిలోకి వచ్చింది."

"పొంగు! ఎంత చక్కని మాట అన్నారు! ప్రారంభ సభలో నా ప్రసంగంలో వాడుకుంటాను."

"ప్రసంగం సంగతి తర్వాత. ఈ కాగితం ట్యాంకు తియ్యొద్దంటుంది. ఈ కాగితం తియ్యకపోతే మెస్సు మూసేస్తానంటుంది. నన్నేం చెయ్యమంటారు?"

ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండూ శ్రద్ధగా చదివారు. "రెండూ సక్రమంగానే ఉన్నాయమ్మా. రెండింటి మీదా సంతకం నాదే."

"అదే కదా నా ఏడుపు!"

"చూడండమ్మా. మూత కింద ఉన్నంతసేపూ అది సంపద. మూత దాటిందా, అది ఉల్లంఘన. ఆ సరిహద్దు దగ్గర మీరు కాస్త అప్రమత్తంగా ఉండాలి."

"దానికి నేనేం చెప్పను, దాటొద్దనా? పోనీ ఆ మంత్రిగారెప్పుడొస్తారు?"

"మూఢం నడుస్తోంది కదమ్మా. వెళ్ళగానే వస్తారు."

"పెళ్ళికి మూఢం చూస్తారు, గృహప్రవేశానికి చూస్తారు. దీనిక్కూడానా?"

"దీనిక్కూడా ఏమిటమ్మా!" త్రివిక్రమరావు గారు నిజంగానే నొచ్చుకున్నారు. "ఇది కాక శుభకార్యం ఇంకేముంది?"

ఆవిడ బాధ చూడలేక ఆయన ఒక సాయం చేశారు. అంత విలువైన ట్యాంకుకి కాపలా లేకపోతే ఎలాగని అప్పలస్వామి అనే హోంగార్డుని పంపారు. అతను దొడ్లో కుర్చీ వేసుకుని, మొహానికి తుండు చుట్టుకుని, ఈల నోట్లో పెట్టుకుని కూర్చునేవాడు. మూడు పూటలా మెస్సులోనే తినేవాడు. తిని, తన వంతు సంపద కూడా ఆ ట్యాంకులోనే చేర్చేవాడు.

రెండు మూడు రోజులు చూసి, ఒక రాత్రి నానబెట్టిన పప్పు భ్రమరాంబ రుబ్బలేదు. ఎవరి కోసం రుబ్బాలి? ఆ పొయ్యి ఆరిపోతే తనకి ఇంకో ఆధారం లేదు. ఒకరి పంచన చేరి తినే వయసూ కాదు, అలవాటూ లేదు. మొగుడు పోయినప్పుడు కూడా దినకర్మలు అవగానే పొయ్యి వెలిగించిన మనిషి, ఖాళీ బల్లల మధ్య కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడ్చాక ఒళ్ళు మండింది. మండాక బుర్ర పనిచేసింది.

మర్నాడు బుల్లబ్బాయిని పిలిపించింది.

"ఒరేయ్, సీలు నేను తెంచితే నేరం. నువ్వు నా మాట మీద తెంచితే ఇద్దరికీ నేరం. అదే దొంగలు తెంచారనుకో?"

"దొంగలా? ఈ సరుక్కా? ఎవడొత్తాడండీ పిన్నిగారూ!"

"సంపద అన్నాక దొంగలు పడకుండా ఎలా ఉంటార్రా! దొంగలు పడ్డ ఇంటిని మూసెయ్యమని ఏ చట్టంలోనూ లేదు. మూఢం వెళ్ళింది. శుక్రవారం మంత్రిగారు వస్తున్నారు. గురువారం పొద్దున్న కర్మాగారం దగ్గర రిహార్సలట, మునిసిపాలిటీలో పురుగు కూడా ఉండదు. నేను మార్కెట్టుకి పోతాను. దొడ్డి గేటుకి గడియ పెట్టడం మర్చిపోతాను. ఆ తర్వాత ఏం జరిగిందో నాకు తెలీదు."

బుల్లబ్బాయి తల గోక్కున్నాడు. "జైల్లో కూకోబెడితేనండీ?"

"క్యారేజీ నేనే తెస్తాను. జైల్లో ఉన్నన్నాళ్ళూ నా చేతి వంటే తింటావు."

"ఆయ్, అయితే సరేనండీ."

గురువారం రిహార్సలుకి అప్పలస్వామిని కూడా లాక్కుపోయారు. పొట్ట, ఎత్తు సరిగ్గా సరిపోయాయని అతన్నే మంత్రిగారిలా నిలబెట్టి దండలు వేశారు. ఇక్కడ ఎండ వేళ, పది గంటలు కొట్టాక, నడి సందులో దొంగతనం మొదలైంది. బుల్లబ్బాయి బండి శబ్దం వినగానే జనం తలుపులు వేసుకుంటారనుకుంటే, తలుపులు తీసుకుని బయటికొచ్చారు. టైలరు పాండురంగం కత్తెర తెచ్చి సీలు తెంచాడు. నలుగురు గొట్టం మోశారు. ఎదురింటి మేడ మీది ముసలాయన పడకకుర్చీలోంచే, "ఇంకా అడుగున ఉందర్రా, పూర్తిగా లాగండి, దొంగతనం చేసేటప్పుడు శుభ్రంగా చెయ్యాలి," అని సలహా ఇచ్చాడు. అరగంటలో ట్యాంకు అద్దంలా అయింది.

సరిగ్గా అప్పుడే రిహార్సల్లో త్రివిక్రమరావు గారి జేబులో ఫోను కీచుమంది. చూసుకుని, "దోపిడీ!" అని ఒక్క కేక పెట్టారు. దండలు వేసుకున్న అప్పలస్వామి అలవాటు కొద్దీ ఈల ఊదాడు. పొరుగూరికి సంపద తరలిపోకుండా బైపాసు దగ్గర మునిసిపాలిటీ వాళ్ళు పెట్టించిన చెక్‌పోస్టులో, బుల్లబ్బాయి నిండు ట్యాంకరుతో దొరికిపోయాడు.

ఎస్సై నూకరాజు గారు నిక్కచ్చి మనిషి. అంతకు ముందు ఒక ఇత్తడి బిందె దొంగతనం కేసులో దొరికిన ఒక్క బిందెనే చూపించి "ఇదేనా మీది?" అని అడిగారని, జడ్జిగారు ఆయన్ని నిండు కోర్టులో దులిపేశారు. నాలుగు బిందెల్లో కలిపి చూపించాలట, అప్పుడు సొంతదారు తనది ఏదో గుర్తుపట్టాలట. ఆ అవమానం ఆయన గుండెల్లో ముల్లులా ఉండిపోయింది.

"ఈసారి తప్పు జరగనివ్వను," అన్నారాయన. "ఇలాంటి సరుకే ఇంకో మూడు చోట్ల నుంచి తెప్పించండి. అన్నీ కలిపి పెడదాం. పిన్నిగారొచ్చి గుర్తుపట్టాలి."

"గుర్తుపట్టడమా!" అన్నారు కమిషనరు గారు.

"చట్టం సార్. సొత్తు ఏదైనా ఒకటే."

మధ్యాహ్నానికి స్టేషను వరండాలో నాలుగు పాత్రలు బారుగా నిలిచాయి. పోలీసు క్వార్టర్స్ నుంచి తెచ్చింది పసుపుపచ్చ ప్లాస్టిక్ బకెట్టు. బస్టాండుది తుప్పు పట్టిన డబ్బా. ట్యాంకర్లోంచి పట్టింది సున్నం డబ్బా. నాలుగోది మాత్రం మూత ఉన్న కొత్త స్టీలు క్యాను. దాని మీద కుట్టుపని చేసిన గుడ్డ కప్పి, తలపాగా పెట్టుకున్న బంట్రోతు ఒకడు రెండు చేతులా పట్టుకొచ్చి దించాడు. ఏది ఎక్కడ్నించి తెచ్చిందో సాక్షికి చెప్పకూడదని ఎస్సై గారు అందరి నోళ్ళూ మూయించారు. ముక్కులు వాళ్ళే మూసుకున్నారు.

భ్రమరాంబని పిలిచారు. మూల బెంచీ మీద కూర్చున్న బుల్లబ్బాయి ఆవిడ వంక చూసి తల దించుకున్నాడు. అతన్ని చూడగానే ఆవిడకి తనన్న మాట గుర్తొచ్చింది. జైలు మాట తేలిగ్గా అనేసింది గానీ, ఇంట్లో పెళ్ళాం, చంటిపిల్ల ఉన్నవాడు. సున్నం డబ్బా చూపిస్తే వాడు లోపలికి. నాది ఇక్కడ లేదంటే, దొంగతనమే లేదు కాబట్టి సీలు తెంచింది నువ్వేనని తను లోపలికి, మెస్సుకి తాళం.

"తొందరేం లేదు పిన్నిగారూ," అన్నారు ఎస్సై గారు, చేతిరుమాలు అడ్డం పెట్టుకుని. "బాగా చూసి చెప్పండి. మీ సొత్తు ఏది?"

ఆవిడ ప్లాస్టిక్ బకెట్టు చూసింది. తుప్పు డబ్బా చూసింది. సున్నం డబ్బా దగ్గర ఆగలేదు. క్యాను మీది కుట్టుపని గుడ్డ దగ్గర ఆగింది. ఆ గుడ్డ ఆవిడకి కొత్తేం కాదు. రోజూ ఇడ్లీల క్యారేజీ మీద కప్పుకుని పట్టుకెళ్ళేది ఆ బంట్రోతే. ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, మూత తీయించి, లోపలికి వంగి చూసింది. ఇంకోసారి చూసింది.

"ఇదే బాబూ నాది," అంది.

"నిశ్చయంగానా?"

"ఇన్నేళ్ళ నుంచి వండుతున్నదాన్ని. నా చేతి వంట నేను గుర్తుపట్టలేనా? ఇది అచ్చం మా మెస్సుదే."

నూకరాజు గారు రాసుకున్నారు. "ఈ క్యాను ఎక్కడిది?"

బంట్రోతు ఛాతీ విరిచాడు. "కమిషనరు గారి బంగళాదండీ!"

ఎస్సై గారు మెల్లిగా లేచి, టోపీ సర్దుకుని, త్రివిక్రమరావు గారి ఎదుటికి వచ్చారు.

"సార్, ఈవిడ పోయిన సొత్తు మీ ట్యాంకులో దొరికింది. అదెలా వచ్చిందో కాస్త చెబుతారా?"

"ఏమిటయ్యా ఇది! అది నాది! స్వయంగా నాది!"

"తమరు దేనితో చేశారంటారు సార్?" వివరాల కోసం ఎస్సై గారు కలం సిద్ధం చేసుకున్నారు.

"పొద్దున్న ఇడ్లీ, సాయంత్రం గారె, పిన్నిగారి మెస్సు నించే కదండీ," అన్నాడు బంట్రోతు, దొరని కాపాడుతున్నానన్న సంతోషంతో. "ఆదివారం అయితే పెసరట్టండీ."

"అంటే మూలం మెస్సుదే. సాక్షి మాటకి బలం చేకూరుతోంది సార్." నూకరాజు గారి కళ్ళు మెరిశాయి. జడ్జిగారి ఎదుట ఈసారి తల ఎత్తుకుని నిలబడచ్చు. "దొంగసొత్తు దగ్గర ఉంచుకోవడం మీద వేరే సెక్షను ఉంది. మంత్రిగారు రేపొస్తున్నారు కాబట్టి, అరెస్టు ఎల్లుండికి పెట్టుకుందామా?"

త్రివిక్రమరావు గారికి చెమటలు పట్టాయి. విలవిల్లాడిపోయారు. తన వెంట వచ్చిన సలహాదారు వంక చూశారు. సలహాదారు టై వదులు చేసుకుని, "సార్, దొంగతనం జరిగితేనే కదా దొంగసొత్తు," అని చెవిలో ఊదాడు. జీవితంలో అతను ఇచ్చిన పనికొచ్చే సలహా అదొక్కటే.

కమిషనరు గారు అక్కడికక్కడే ఒక ధ్రువీకరణ రాసి ఇచ్చారు. "శ్రీమతి భ్రమరాంబ గారి ట్యాంకు నందు ఏ చోరీయు జరుగలేదు. సదరు ట్యాంకు ఏనాడును నిండియుండలేదు. మీటరు భ్రమపడినది. ఏమియు పొంగలేదు కావున ఆరోగ్య విభాగము వారి నోటీసు రద్దు చేయడమైనది. సీలు ఎండకు ఊడినది. సదరు ట్యాంకరులో ఏమియు లేదు."

ఎస్సై గారు ఆఖరి వాక్యం రెండుసార్లు చదివారు. ఎదురుగా ట్యాంకరు మూత సందులోంచి టపటపా కారుతోంది.

"ఒరేయ్ బుల్లబ్బాయ్! లేని సరుకు నా స్టేషన్లో ఇంత కంపు కొట్టడం చట్టవిరుద్ధం. తీసుకుపో!"

"ఓ నిమిషం," అన్నారు కమిషనరు గారు, గొంతు తగ్గించి. "బాబూ, ఆ బండి కాస్త కర్మాగారం దగ్గరికి పోనిస్తావా? రేపు డ్రమ్ముల్లో పోయడానికి ఏదో ఒకటి..."

"ఏం పొయ్యమంటారండీ?" బుల్లబ్బాయి చేతులు కట్టుకుని వినయంగా అడిగాడు. "బండిలో ఏం లేదని తవరే రాసిచ్చారు కదండీ!"

ఆ ఏమీ లేనిదంతా తన గోతుల్లో పోసుకుని, మెస్సు దగ్గరికొచ్చి, బావి దగ్గర తలారా స్నానం చేసి, భ్రమరాంబ వడ్డించిన పెసరట్లు పదకొండు తిన్నాడు. "మరీ దొంగలా తినకురా," అని ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

శుక్రవారం మంత్రిగారు వచ్చి మీట నొక్కారు. నాలుగు డ్రమ్ములూ ఖాళీ కడుపుతో గుడగుడలాడాయి. ఆయన చుట్టూ చూసి, గట్టిగా గాలి పీల్చి, "ఏం వాసనా లేదేవిటయ్యా!" అన్నారు.

"అదే సార్, మన సాంకేతికత," అన్నారు త్రివిక్రమరావు గారు, చేతులు జోడించి.

ఏ వాసనా లేని, ఒక్క చుక్క వ్యర్థం కూడా మిగలని ఏకైక కర్మాగారంగా తుమ్మలగరువుకి బహుమతి వచ్చింది. వేరే ఊళ్ళ కమిషనర్లు బస్సుల్లో వచ్చి చూసి, నోళ్ళు వెళ్ళబెట్టి, మెస్సులో భోంచేసి వెళ్ళారు. సరుకు పోస్తే వాసనొచ్చి బహుమతి పోతుందని ఆ డ్రమ్ముల్లో ఎవరూ ఏమీ పొయ్యలేదు. సీళ్ళ ఉత్తర్వు మాత్రం రద్దు కాలేదు. బహుమతి వచ్చిన ఉత్తర్వుని రద్దు చేసే మొనగాడెవడు? ట్యాంకులకి సీళ్ళు అలాగే ఉన్నాయి, జనం తినడమూ మానలేదు. ఊళ్ళో దొంగతనాలు మాత్రం విపరీతంగా పెరిగిపోయాయి.

ఓ మధ్యాహ్నం భోజనాల రద్దీ తగ్గాక, ఎస్సై నూకరాజు గారు మెస్సుకి వచ్చారు. మూల బల్ల దగ్గర కూర్చుని పప్పన్నం కెలుకుతూ, చివరి మనిషి చెయ్యి కడుక్కుని వెళ్ళేదాకా ఆగారు.

"పిన్నిగారూ, ఆ దొంగ సంగతి ఏవైనా తెలిసిందాండీ?"

"నన్నడుగుతావేం నాయనా? పట్టుకోవాల్సింది నువ్వు!"

"పట్టుకోవడానికి కాదండీ బాబూ." ఆయన అటూ ఇటూ చూసి, గొంతు ఇంకా తగ్గించారు. "మా క్వార్టర్స్ ట్యాంకు పొంగిపోతోందండీ. మా ఆవిడ పుట్టింటికి పోతానని పెట్టె సర్దేసింది. రేపు పొద్దున్న వెనక గేటు తీసే ఉంచుతాను. కానిస్టేబుళ్ళందర్నీ బందోబస్తని ఎటో అటు పంపించేస్తాను. వాడికి మీరు కాస్త కబురు పెడితే..."

భ్రమరాంబ ఆయన విస్తట్లో ఇంకో గరిటెడు సాంబారు వేసి, అరటిపండు పెట్టింది.

"రేపు కుదరదు నాయనా. పొద్దున్న పోస్టాఫీసులో దొంగతనం ఉంది. మధ్యాహ్నం కమిషనరు గారి బంగళాలో. ఆయన నీకంటే ముందే వచ్చి చెప్పి వెళ్ళాడు. నీకు శనివారం వేయిస్తాను, తిను."